ఎడమ గీత

మిల్డూరాలో టైర్లు మార్చే షాపులు రెండు.
అవతలి వాళ్లు మాట్లాడరు.
నేను మాట్లాడతాను, అందుకే నా దగ్గర నాలుగు డాలర్లు ఎక్కువ.

ట్రాస్క్ పసుప్పచ్చ మొనారో
ఏడేళ్లకోసారి వస్తుంది,
మబ్బు తునక లేని రోజు చూసుకుని.
టైర్లు అరిగి కాదు, వయసు మీరి.
వాటి పుట్టువెంట్రుకలు ఇంకా అలాగే ఉంటాయి,
సన్నటి రబ్బరు పోగులు,
రోడ్డు ఒక్కదాన్నీ గొరగలేదు.
సీటు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు.
"పొగే కావాలంటే కారెందుకు?
చెత్తకుప్ప, అగ్గిపుల్ల చాలవూ?" అంటాడు.

వూలా కరాస్‌ది వేరే మతం.
ఆసుపత్రిలో రాత్రి నర్సు.
ఆమె టొరానా వెనక టైర్లు నా దగ్గరికి చేరేసరికి
ఉక్కుతీగలు బయటపడి
పీచు తీసిన కొబ్బరికాయలా ఉంటాయి.
"పన్నెండు గంటలు గుసగుసగా మాట్లాడతాను.
పోయినవాళ్ల సంగతి కూడా గుసగుసగానే.
ఆ తర్వాత ఒక్క నలభై సెకన్లు
అరవాలి నాకు.
నా గొంతు చాలదు,
ఎనిమిది సిలిండర్లు అరువు తెచ్చుకున్నాను."

ద్రాక్షతోట కాట్నిచ్ మాత్రం
అన్నీ పద్ధతిగా.
ఎగ్జిబిషన్ మైదానంలో, శనివారం,
ముప్పై అయిదు డాలర్ల టికెట్టు,
పక్కన నీళ్ల ట్యాంకరు, అంబులెన్సు.
వీధిలో చేస్తే కారు నెలరోజులు పోలీసుల పాలు,
బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యడు అంటాడు.
"రసీదు పుచ్చుకుని ఏడ్చినట్టు!" అని వూలా.

కొత్త డెంటిస్టు జర్మన్ కారులో వచ్చి
వారంటీ పోతుందా అని అడిగాడు.
పోదు బాబూ,
నీ కారులో కంప్యూటరు ఉంది, చక్రాన్ని జారనివ్వదు.
అతను నిట్టూర్చాడు.
సంతోషమో దిగులో తెలియలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి,
పగటి నలభై మూడు డిగ్రీలు ఇంకా తారులోనే దాక్కుని ఉండగా,
నారింజపళ్ల గోదాము మలుపులో వూలా బ్రేకు తొక్కి పట్టి
గ్యాసు నేలకి నొక్కింది.
పక్క సీట్లో నేనున్నాను.
ఈ మాట మీ దగ్గరే ఉంచండి.
తెల్లటి పొగ కిటికీల్లోంచి ఒళ్లోకి వచ్చి కూర్చుంది.
పళ్లు కదిలాయి. నా వయసు ఎంతో మర్చిపోయాను.

పొగ విడిపోయాక
ఎదురింటి తలుపు తీసి ఉంది.
పైజమాలో ట్రాస్క్, చేతిలో టార్చిలైటు.
అయిపోయింది అనుకున్నాం.
మా వైపు చూడలేదు ఆయన.
దస్తూరీ దిద్దే పంతులులా
గీతల వెంట నడిచాడు మొదటినుంచి చివరిదాకా,
మోకాలు పట్టుకుని వంగాడు,
వేలితో తాకి వాసన చూశాడు.

"కుడి గీత బాగుంది.
ఎడమది పలచన. మధ్యలో తెగింది కూడా.
డిఫరెన్షియల్ చూపించుకో అమ్మాయ్."

"మీకెలా తెలుసు?" అంది వూలా.
టార్చి ఆరింది. తలుపు పడింది.

మార్చిలో మొనారోకి ఏడేళ్లు నిండాయి.
ఇన్నాళ్లూ దాన్ని మా ఆయనే పైకెత్తేవాడు.
నడుం పోయాక, మొదటిసారి నేను.
వెనక చక్రాలు విప్పి లోపల దీపం పెట్టి చూస్తే,
అద్దంలాంటి ఆ బండికి, పాలిష్ గుడ్డ చేరని చోట,
చక్రం గూటి కప్పు నిండా
రాయిలా గట్టిపడిన నల్లటి రబ్బరు,
ఆవగింజలంతవీ, చింతగింజలంతవీ,
ఎప్పటివో.
ఒకటి గోటితో గీకాను, ఊడలేదు.

సాయంత్రం మా ఆయన్ని అడిగితే
"ఇప్పుడా చూడటం?" అని టీవీ వైపు తిరిగాడు.

బయట ట్రాస్క్ మబ్బుల కోసం ఆకాశం వెతుకుతున్నాడు ఆ పూట.
నా భుజం మీద తడిగుడ్డ ఉంది.
తియ్యలేదు.
కొత్త టైర్లు బిగించి,
పుట్టువెంట్రుకలు ఒక్కటీ తెగకుండా
మెల్లగా కిందికి దించాను.