తలకాయ లేని ఇంజిను

మామిడికాయలు దింపేసి తిరిగొచ్చే లారీలో
వేలూరు నుంచి వచ్చింది, పట్ట కింద.
బానెట్టు మీద తోతాపురి సోన కారి
పదిహేడు నంబరు జిగటజిగటగా ఉండాది.

గ్రీమ్స్‌పేట షెడ్డులో చెంగల్రాయులు మేస్త్రి
దాని చుట్టూ ఒక తిరుగు తిరిగి
"హెడ్డు యాడరా?" అన్నాడు.

మూడు పెట్టెలు వెతికినాము.
గోనెసంచి దులిపినాము.
లారీ క్లీనర్ని అనుమానించినాము.
సిలిండరు ఈ కొస నుంచి ఆ కొసకు వట్టి గొట్టం,
కన్నుపెట్టి చూస్తే అవతల టీ అంగడి కనిపిస్తా ఉండాది.
వాల్వుల్లేవు. హెడ్డు బిగించే చోటే లేదు.
ఒక్కో గొట్టంలో రెండేసి పిస్టన్లు,
ఎదురెదురుగా.

డాక్టరు ఎస్తేరమ్మ చెప్పింది:
మా నాయనా, ఆయన సావాసగాడూ
రాయపురం రేకుల కొట్టంలో చేసుకున్న బండి,
షోలవరం పందేల కోసం.
"ఎన్నిసార్లు గెలిచిందమ్మా?"
"మూడుసార్లు బయల్దేరింది" అనింది.

ఆ రాత్రి మేస్త్రి
గ్రీసు పిడికిళ్ళు రెండూ ఎదురెదురుగా పెట్టి చూపించినాడు.
"పొట్టేళ్ళనుకోరా.
ఉరుకుతా వస్తాయి.
కొమ్ములు తగిలేదానికి వెంట్రుకవాసి ఉందనంగా ఆగిపోతాయి.
ఆ వెంట్రుకవాసిలోనే మంట."

పైన ఒక క్రాంకు, కింద ఒక క్రాంకు,
నడుమ అయిదు పళ్ళచక్రాలు.
బెల్లం మండీ తక్కెడ మాదిరి
రెండు పక్కలా సరిసమానంగా కట్టినాడు మేస్త్రి.
పదకొండు రోజులు తిప్పినాము.
కార్బురేటర్లోంచి తుమ్మిందే కానీ
అంటుకోలేదు.

ఆయిలు బదులు ఆముదం పోయాలంట దానికి.
క్యాను పట్టుకోని బజారుకు పోతే
గురవయ్య శెట్టి అడిగినాడు:
"ఇంత ఆముదం ఎవురికబ్బా? తలకా?"
"తలకాయ లేనిదానికి" అన్నా.
ఆముదం అమ్మేవాడి మొహం
ఆముదం తాగినట్టయింది.

పన్నెండో రోజు
కిరసనాయిలు గిన్నెలో చక్రాలు కడగతా ఉంటే
మసి కింద ఒక చుక్క. ఉలితో పొడిచింది.
పక్క చక్రం మీద ఇంకోటి.
చుక్కకు చుక్క కలిపితే
పై క్రాంకు ఒక పన్ను ముందుకు పోతా ఉండాది.

"చేసినోడి పొరపాటు" అన్నాడు మేస్త్రి.
నాకప్పుడు పద్నాలుగేళ్ళు.
ఆయనకు ఎదురు చెప్తే స్పానరు దెబ్బే.
అయినా అనేసినా:
పైది పొగ పోయే పక్క కదా మేస్త్రీ,
అది ముందు తలుపు తీయాల కదా?
ఊడ్చకుండా ముగ్గేస్తామా?

ఆయన బీడీ అంటించుకున్నాడు.
బీడీ అయిపోయేదాకా ఏమీ అనలేదు.
తర్వాత, పద్నాలుగో నంబరు స్పానరు ఇమ్మన్నాడు.

తెల్లారి నాలుగు గంటలకు,
పాలబండ్లు డెయిరీకి పోయే వేళ,
అంటుకునింది.
బుడబుడ కాదు, దడదడా కాదు.
కొత్త గుడ్డను పర్రున చింపినట్టు,
ఎంత చింపినా ఆ గుడ్డ అయిపోనట్టు.
కొంగారెడ్డిపల్లె కుక్కలన్నీ లేచినాయి.
షెడ్డు నిండా కాలిన ఆముదం వాసన.

ఎస్తేరమ్మ బండిని చూడనేలేదు.
హ్యాండ్‌బ్యాగులోంచి చేతిరుమాలు తీసి
పొగలో పట్టింది, రెండు పక్కలా తిప్పి తిప్పి,
అప్పడం కాల్చినంత జాగ్రత్తగా.
నాలుగు మడతలు పెట్టి లోపల వేసుకుని
టక్కని మూత వేసేసింది.

నాలుగు నిమిషాలు.
నడిమి చక్రం పన్ను ఇరిగి, ఇంజిను బిగుసుకుపోయింది.
మేస్త్రి తల పైకెత్తలేదు.
"నాలుగోసారి" అనింది ఆమె, నవ్వతా.

బిల్లు నేనే రాసినా:
ఆముదం, కిరసనాయిలు, పన్నెండు రోజుల కూలి.
పుస్తకం నా చేతిలోంచి లాక్కోని
చివర్న మేస్త్రి తన వంకర అక్షరాలతో చేర్చినాడు:
హెడ్డు - లేదు - సున్నా రూపాయలు.

బండి మళ్ళా పట్ట కప్పుకోని వేలూరికే పోయింది.
ఇరిగిన పన్ను మటుకు
నా సొరుగులో ఉండాది, ఫ్యూజుల మధ్య.
పాలపన్నయితే ఇంటి మీదికి విసిరేసేవాణ్ణి.