గళ్ళ కాగితం

మాల్ కాడ బస్సు మారేటప్పటికే
థర్మాకోల్ డబ్బల మంచు సగం నీళ్ళయింది.
పన్నెండు సీసలు. నేను కాచినయి.
సజ్జలు నానేసి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, మరపట్టి,
పట్నంల ఇనుప గాబు పక్కన పద్దెనిమిది దినాలు
జరమొచ్చిన పిల్లను కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకున్న.

మా కంపెనీల రుచి చూసేటోళ్ళు
గ్లాసును ఎలుగుకు పట్టి తిప్పుతరు,
ముక్కు లోపటి దాక పెడ్తరు,
"చివర్ల కొంచెం నారింజ తొక్క" అంటరు,
"అడుగున తడిసిన మన్ను" అంటరు,
ఒక్క గుక్కకు ఆరు గళ్ళు నింపుతరు.
ఆ గళ్ళ కాగితమే నాలుగు మడతలు పెట్టి తెచ్చిన,
మర్రిగూడ అవుతల, సైదులు మండువకు.

సైదులు అప్పుడే చెట్టు దిగిండు,
ముస్తాదు ఇంక నడుముకే ఉంది.
మూత తీస్తే సీస బుస్సుమన్నది.
"ఆగు" అన్నడు.
కాటమయ్యకని ఒక చుక్క నేలకిడిచినంకనే
నాలికె మీద పోసుకున్నడు, కండ్లు మూసిండు.
"ఏ చెట్టుది?"
చెట్టు కాదే, సజ్జలు.
"గింజకు గింత కోపముంటదా!"

ఈదమ్మ చిన్నమ్మ గ్లాసు ముట్టలే,
తాటాకు రేకల పోయించుకుంది.
ఏపపుల్ల నమిలినట్టు మొకం పెట్టింది.
"గీ చేదెందుకు బిడ్డా, ఎవల మీది పంతం?"
చలిదేశంల ఒక పువ్వుంటది చిన్నమ్మా, దాని చేదు.
"పువ్వు కొప్పుల పెడ్తరు గని కుండల ఏస్తరా!"
అనుకుంటనే మల్ల రేక చాపింది.

ఆటో మైసయ్యకు మంచిగనే ఎక్కింది,
గని ధర అడిగిండు.
చెప్పిన.
నిద్రవోయిన పసిదాన్ని పండబెట్టినట్టు
రేకను మెల్లగ కింద పెట్టిండు.

రాసుకుంటున్న.
నురగ: "ఓట్లప్పటి మాట లెక్క, ఇట్లొచ్చి అట్ల వాయె."
వాసన: "కొత్త చింతపండు బస్త ఇప్పినట్టు."
చిక్కదనం: "గట్క తిన్నోని కడుపుకు ఆనదు."
నారింజ తొక్క ఎవ్వలికీ దొరకలే.

"ఇగ నీ వంతు" అని సైదులు రెండు లొట్లు ముందట పెట్టిండు.
ఏది గట్టు మీది ఈతది, ఏది కుంటల కాళ్ళు పెట్టుకున్నదాంది?
సర్టిఫికెట్టున్న నాలికె నాది.
తిప్పిన, పుక్కిలించిన, ఊపిరి బిగవట్టిన.
తప్పు చెప్పిన.
ఈదమ్మ నవ్విన నవ్వుకు చెట్టు మీద కాకి లేచింది.

మారయ్య తాత అందరికంటె ఆఖరికొచ్చిండు.
మొదలు వీపు కనవడ్డది, తర్వాత మొకం.
తలెత్తి తాగుడు ఆయనతోని కాదు,
మెడ ఎప్పుడో గట్టివడ్డది.
చిన్నతనాన బాయి నీళ్ళు, పెద్దయినంక బోరు నీళ్ళు,
తాగిందంత బొక్కలల్లనే దాగింది.
ఇప్పుడు నల్లాలకు కృష్ణ నీళ్ళొస్తున్నయి.
వంగిన నడుముకు ఆ సంగతి ఎవరు చెప్పాలె?

ఈదమ్మ రేక వంచి పెదవికానిచ్చింది.
తాత ఒకసారి చప్పరించిండు. ఇంకోసారి.
పటపట తాటాకు సప్పుడు తప్ప మండువల సప్పుడు లేదు.

"బీరు సంగతి నాకెర్క లేదు బిడ్డా.
నీళ్ళు మంచియి.
ఏడియి?"

మిషన్ల వడవోస్తం తాతా.
అండ్ల ఉన్నయన్ని తీసేస్తం,
తీసేసినంక, రుచికని,
మాకు కావాల్సిన ఉప్పులు చిటికెలెక్కన కలుపుతం.

"అన్ని తీసేస్తరా?"

తీసేస్తం.

నా కాగితంల ఆరు గళ్ళున్నయి, నీళ్ళకు గడి లేదు.
వెనక్కి తిప్పిన. వెనక అంత తెల్లగుంది.
పెన్ను పట్టుకొని కూసున్న.

తాత రేక దిక్కు చూస్తున్నడు.
"గంత మంచి నీళ్ళల్ల
గీ సజ్జలెందుకేసినవే?" అన్నడు.
"సరే తియ్, ఇంకింత పొయ్యి."