సుత్తి రికార్డు

వయాలా ఊళ్ళో ఎర్రదుమ్ము పడని వస్తువు లేదు.
ఆరేసిన దుప్పటి, పాలసీసా మూత,
చర్చి మెట్లెక్కే పెళ్ళికూతురి మేలిముసుగు,
నా రికార్డుల కొట్టు అద్దం.
పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడుస్తానా,
సాయంత్రానికి మళ్ళీ మొహం ఎర్రగా చేసుక్కూచుంటుంది.

ఎనభై ఒకటి ఆగస్టు. అంటే ఇక్కడ చలి.
డెస్ ట్రెలోర్ వ్యానులోంచి దించాడు
నాలుగు అట్టపెట్టెలు, పెట్టెకి పాతిక.
"అడిలైడ్‌లో ఆరు రాత్రులు, మిసెస్ హాల్కెట్.
స్టూడియోకి గంటకింతని అద్దె.
డబ్బయిపోయిన చోట పాట కూడా అయిపోయింది."
నిజమే. రెండోవైపు చివరి పాట
మాట మధ్యలో తలుపేసినట్టు ఆగుతుంది.

అట్ట మీద మనుషుల్లేరు.
బెంచీ మీద మూత తెరిచిన సద్దిడబ్బా ఒకటి,
కింద వంకరగా 'మూడో షిఫ్టు'.
ముందెవరు నిలబడాలో తేలక
నలుగురూ ఫొటోలోంచి తప్పుకున్నారట.

మొదటి రోజు పదకొండు అమ్మాను.
అందులో నాలుగు కొన్నది వాళ్ళ అమ్మలు.
ఒకావిడకి ఇంట్లో రికార్డు ప్లేయరే లేదు.

శనివారం అడిలైడ్ పేపర్లో పడింది, వేలెడంత.
గిటారు మండిందట, పొగే ఎక్కువట.
పాడేవాడు బొగ్గు నమిలి పాడాడట.
డ్రమ్ములవాడు ప్రతి నాలుగో దెబ్బకీ
అరక్షణం వెనకబడతాడట.
ఆఖరి వాక్యం:
ఇది సంగీతం కాదు, సుత్తి.

ఆ ముక్క కత్తిరించి గల్లాపెట్టె అడుగున దాచాను,
ఊళ్ళో ఇంకెవరూ పేపరు కొననట్టు.

సోమవారం యూరెక్ వచ్చాడు.
డ్రమ్ములు వాయించే చేతులు జేబుల్లో పెట్టుకుని
రికార్డులు కాదు, నేల చూశాడు చాలాసేపు.
"నేను నిజంగా వెనకబడతానా, మిసెస్ హాల్కెట్?"
అమ్మడం తెలిసినదాన్ని, వినడం నాకేం తెలుసు?
తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను.

మర్నాడు ఇంకా కొట్టు పూర్తిగా తెరవలేదు.
రాత్రి షిఫ్టు దిగి బూట్లతోనే వచ్చారు తొమ్మిదిమంది.
"ఆ సుత్తి రికార్డు ఉందటగా, ఒకసారి పెట్టండి."
పెట్టాను.
ఎవరూ తల ఊపలేదు. కాలు కదపలేదు.
ఏడుస్తారేమో, తిడతారేమో అని చూస్తున్నాను.
నాలుగో దెబ్బ దగ్గర
కెవిన్ కుడిచెయ్యి చటుక్కున వెనక్కి పోయింది,
మూడు వేళ్ళ చెయ్యి.
పక్కవాడిది కూడా. ఆ వెనకవాడిది కూడా.
మళ్ళీ నాలుగు. మళ్ళీ తొమ్మిది చేతులూ.

"రోలింగ్ మిల్లులో కడ్డీ తిరగబడే ముందు
సరిగ్గా అంత సందు ఉంటుందండీ," అన్నాడు కెవిన్.
"ఆ సందులో చెయ్యి తీసేసుకోవాలి."
తన చేతికేసి ఓసారి చూసుకుని నవ్వాడు.
"నేను ఒక్కసారే మర్చిపోయాను."

యూరెక్ అక్కడ తొమ్మిదేళ్ళు చేశాడు.

అడిలైడాయన అబద్ధం రాయలేదు.
ఆలస్యం ఉంది.
ఆయనకి పది వేళ్ళూ ఉన్నాయి, అంతే.

ఆ కాగితం తీసి అద్దానికి అంటించాను, ధర పక్కనే.
జనం సుత్తి కావాలని వచ్చి అడిగేవాళ్ళు.
తొంభై మూడు పోయాయి.
రేడియోలో ఒక్కసారి వేశారు, రాత్రి రెండుంబావుకి,
ఇంకో బ్యాండు పేరు చెప్పి.
మెల్‌బోర్న్ నుంచి ఉత్తరం రాలేదు.
రెండో రికార్డు లేదు.
డెస్ ఇప్పుడు పోర్ట్ అగస్టాలో స్కూలు బస్సు నడుపుతున్నాడు.

మిగిలిన ఏడూ నా దగ్గరే ఉన్నాయి.
గాడిలో దుమ్ము చేరి గరగరమంటాయి.
తుడవను.

నేనెప్పుడూ మిల్లు గేటు దాటి లోపలికెళ్ళినదాన్ని కాదు.
షిప్‌యార్డు మూసేసిన ఏడు పెర్త్ వెళ్ళి
ఉత్తరాలు మానేసిన మా ఆయనా వెళ్ళలేదు.
అయినా రొట్టె కోస్తుంటే చూడండి,
ఒకటి, రెండు, మూడు,
నాలుగో ముక్క దగ్గర
కత్తి కొంచెం ఆగుతుంది.