ఓడ నీడ

కోటవీధిలో మా డాబా మీద
ఏంటెన్నా కట్టింది ఒక గురువారం.
ఆ వారం నాన్నకి పోర్టులో సెలవు ఆ రోజే పడింది.
జిలానీ మావ సైకిలుకి కట్టి తెచ్చాడు పైపుని,
ముందు చక్రం దాటి మూరెడు, వెనక చక్రం దాటి రెండు బారలు.
దారి పొడుగునా తిట్లు తిని వచ్చినా
నవ్వుతూనే దిగాడు.

అల్యూమినియం పుల్లలన్నీ బిగించి నేలమీద పరిస్తే
నానమ్మ వంగి చూసింది:
"కోనాం చేపని తినేసి ముల్లొదిలేసినట్టున్నాది గదరా,
దీనికి బొమ్మలెలా పడతాయి?"
"వల లాంటిదేనమ్మా,
కాకపోతే గాల్లో ఏస్తాం."

పైన జిలానీ మావ, మెట్లమీద అన్న,
కిటికీ దగ్గర నేను, టీవీ ముందు అమ్మ.
"వచ్చిందేటి?"
"ఒకటే చీమలు!"
"ఇప్పుడో?"
"గీతలు... గీతలు... ఉండు ఉండు ఉండు..."
వచ్చిందన్న కేక మూడు నోళ్లు మారి పైకెళ్లేసరికి
బొమ్మ పోయేది.
పోయిందన్న కేక చేరేలోగా
మళ్లీ వచ్చేది.
సాయంత్రం దాకా ఆ కొండ టవరుకీ మాకూ మధ్య
ఇదే బేరం.

చివరికి కుదిరింది.
వంకాయకి పట్టిన పురుగు గురించి
ఎవరో ఒకాయన నెమ్మదిగా చెప్తున్నాడు.
చప్పట్లు కొట్టాం.
మాకు సెంటు పొలం లేదు.

నాలుగైదు రోజులు పోయాక
వార్తలు చదివే ఆవిడ కుడి భుజం మీంచి
ఇంకో ఆవిడ తొంగి చూసింది.
అదే చీర, అదే బొట్టు,
గంజిలో ముంచి తీసినట్టు పల్చగా.
కాసేపుండి
ఈవిడలోకే వెళ్లిపోయింది.
ఆ రాత్రే నాన్నకి కబురు,
ఇనప రాయి ఎత్తే ఓడొచ్చింది, రమ్మని.

మూడుసార్లు జరిగాక అమ్మ లెక్క కట్టేసింది.
కాలవలోకి పెద్ద ఓడ వస్తే
బొమ్మ దాని పక్కకి తగిలి
మా ఇంటికి రెండోసారి వస్తోందని.
ఆమెకి ఎవరూ చెప్పలేదు, పుస్తకంలో లేదు.
ఇక పోర్టు మనిషి వీధి మలుపు తిరగక ముందే
కేరేజీ సర్ది ఉండేది,
అడుగు గిన్నెలో చారు, పై గిన్నెలో మజ్జిగ మిరపకాయలు.

జిలానీ మావకి మాత్రం అది పరువు సమస్య.
"నా చేత్తో కట్టినదానికి షాడోనా?"
పైకెక్కి నాలుగు వేళ్ల మేర ఎడమకి తిప్పాడు.
బొమ్మ కడిగిన పళ్లెంలా వచ్చింది.
ఇరవై రూపాయలు ఇస్తే వద్దన్నాడు,
తర్వాత తీసుకున్నాడు.

ఆ వారమే నాన్న
అన్నం ఉడక్కుండానే డ్యూటీకి పరిగెత్తాడు.

మర్నాడు మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళ,
అమ్మ కుచ్చిళ్లు పైకి దోపి
ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో పానా పట్టుకుని
నన్ను టీవీ ముందు కూచోబెట్టింది.
కూత వినపడేదాకా ఆగింది.
ఓడ మలుపు తిరిగింది.
పైపు కిర్రుమంది.
"వచ్చిందేటే గుంటా?"
అంత గట్టిగా అమ్మ మాట్లాడటం
నేనదే వినడం.
"వచ్చిందమ్మా! రెండో ఆవిడొచ్చింది!"

జిలానీ మావకి
ఉప్పు గాలికి క్లాంపు వదులైందని చెప్పాం.

హుద్‌హుద్ నాడు ముల్లు ఎగిరిపోయింది.
ఎవరి డాబా మీద పడిందో అడగలేదు,
అప్పటికి కేబులొచ్చి చాలా ఏళ్లు.
పైపు మొదలు మిగిలితే
దానికి దండెం కట్టాం.

మొన్న రాత్రి అమ్మ ఫోన్లో ఏదో చూస్తోంది.
బొమ్మ వెంట్రుకంత కూడా చెదరదు దాంట్లో.
కాలవ వైపు నించి ఓడ కూసింది.
అమ్మ ఫోనుని
కొంచెం, నాలుగు వేళ్ల మేర,
కుడికి తిప్పింది.

"ఏ ఓడో?" అంది.

నాన్న కళ్లు మూసుకునే
"బొగ్గు" అన్నాడు.