గీత మీద ముద్ర

ఖాళీ బ్యాలెట్ పెట్టెను ఒళ్లో పెట్టుకొని
పుట్టిల కూసున్న.
తిమ్మప్ప తెడ్డేస్తుంటే
కృష్ణ మమ్ముల రెండు సుట్లు తిప్పి
ఎర్రదిబ్బ రేవుకు అప్పజెప్పింది.
నీళ్ల నడుమ ఒక ఊరు.
ఒక బడి, ఒక సోలార్ దీపం,
దక్షిణాన రాయచూరు దిక్కు కొండల నీలం.

బడి గోడకు అంటించిన కాగితం
ఈ సర్పంచ్ సీటు ఆడోళ్లదని చెప్పింది.
అడుగున చిన్న అక్షరాలు:
గవర్నరు పేరిట, వారి ఉత్తర్వు మేరకు.
ఆ గవర్నరును ఈ దిబ్బ ఎన్నడూ చూడలే,
ఆయనా ఈ దిబ్బను చూసి ఉండడు.

ఆ రాత్రి ఖాజా మైనొద్దీన్,
నా కింద పోలింగ్ క్లర్కు,
గ్రూప్ టూ గైడు తెరిచి
ఫోన్ వెలుగుల పైకి సదివిండు:
"మేడమ్, వినుండ్రి.
సముద్రంల చిన్న దీవి, పొద్దుగూకేలోపు సుట్టి రావచ్చు.
పార్లమెంటు ఉంది, పదారు కుర్చీలు.
పార్టీలు లేవు.
ఒక్కడు లేచి ఇవతల నుంచి అవతల కూసుంటే
సర్కారు కూలుతది."

"పార్టీలు మాకూ లేవు సారూ,"
చీకట్ల నుంచి తిమ్మప్ప,
"కాగితం మీద."

"రాజు మాత్రం ఉన్నడు.
వేరే ఖండంల ఉంటడు,
ఆయన బదులు ఇంకొకాయన సంతకం పెడతడు."

జొన్నరొట్టెలు, పుంటికూర తెచ్చిన బీచుపల్లమ్మ
గిన్నె దింపి నిలబడ్డది.
"మరి రాజు చేసే పనేంది కొడుకా?"

"ఏం చెయ్యకపోవుడే అవ్వా.
ఏ పక్కా మాట్లాడొద్దు. ఊకె ఉండాలె."

"ఊకె ఉండుడు శాన కష్టం,"
అన్నది, గిన్నె కడిగియ్యమని చెప్పి పోయింది.

తెల్లారి ఏడుకు పెట్టె తెరిచి
లోపల ఏం లేదని అందరికీ సూపిన.
ఉంగరం గుర్తు కుర్మమ్మది, కత్తెర సవారమ్మది.
ఇద్దరూ తోడికోండ్లు. ఒకే గోడకు అటో పొయ్యి, ఇటో పొయ్యి.
ఇద్దరికీ అత్త ఒకతే.

ఒంటిగంట దాకా వరుస.
బీచుపల్లమ్మ ముద్ర పట్టుకొని
అట్టల మాటుకు పోయి
మస్తు సేపు రాలే.
ఖాజా గడియారం చూసిండు. నేను చూడలే.

రెండింటికి లెక్క.
కట్టలు కట్టినం, విప్పినం, మళ్ల కట్టినం.
పడ్డవి నూట అరవై మూడు.
ఉంగరానికి ఎనభై ఒకటి,
కత్తెరకు ఎనభై ఒకటి.
మిగిలిన ఒక్క చీటీ మీద
ముద్ర ఉంగరంల పడలే, కత్తెరల పడలే.
రెండింటి నడుమ నల్లగీత మీద
సూది గుచ్చినంత సరిగ్గ పడ్డది.
చెయ్యి వణికి పడ్డ ముద్ర గాదు.

చెల్లదని రాసిన.
ఎవరిదని అడగొద్దు. అడిగినా చెప్పొద్దు.
ఓటు రహస్యం, నేను దాని కావలిదాన్ని.
కానీ కిటికీ అవతల
ఒక ముసలామె వేలి సిరాను కొంగుతో తుడుస్తున్నది,
అది పోదని తెలిసీ.

చీటీ తీయాలె.
"మా అవ్వతోని తీపియ్యుండ్రి," అన్నరు కోడండ్లిద్దరూ,
ఆ ఊళ్ల ఆ దినం వాళ్లిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే.
బీచుపల్లమ్మ తల అడ్డంగ ఊపింది.
"నేను చెప్పేది పొద్దుగాల్నే చెప్పిన."

రూల్ పుస్తకం ప్రకారం చీటీ నేనే తీసిన.
ఉంగరం.
ఒక పొయ్యి ముందట డప్పు.
ఇంకో పొయ్యి ముందట
పొగ గూడ లేదు.

పుట్టి ఎక్కుతుంటే
పై ప్రాజెక్టు గేట్లు ఎత్తుతున్నరని
తిమ్మప్ప ఫోన్‌ల మెసేజ్.
ఎవరు ఎత్తుతరో, ఎవరి ఉత్తర్వో!
నీళ్లు మాత్రం ఇక్కడికే వస్తయి.

"మేడమ్," ఖాజా గైడు సంకల పెట్టుకొని,
"ఆ దీవి మునిగిపోతే
పదారు కుర్చీలు యాడేస్తరో రాయలే ఇందుల."

నేను వెనక్కి చూసిన.
బీచుపల్లమ్మ ఒక గిన్నె రెండు చేతులతో పట్టుకొని
నడుమ గోడ దగ్గర నిలబడ్డది,
ముందు ఎటు పోవాలెనో
తేల్చుకోకుండ.