తోడు

కుహ్మో ఊరి చివర, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున
ఎర్రరంగు చెక్క ఇల్లు.
నవంబరు. మైనస్ ఇరవై రెండు.
స్క్రూడ్రైవరు నా చేతికి అతుక్కుపోతోంది.

తలుపు సందులోంచి తెల్లెర్వో అడిగింది:
"బయట చలి తప్ప ఇంకేముంది,
ఇంట్లోకి తేవడానికి?"

పదకొండేళ్లుగా ఈ హీట్ పంపులు బిగిస్తున్నాను.
ఈ ప్రశ్నకి నా సంచిలో
కంపెనీవాళ్లిచ్చిన రంగుల కాగితం ఒకటుంది.
ఎందుకో తీయబుద్ధి కాలేదు.
పెరట్లో మంచు కప్పిన బావి మూత చూపించి
"నీళ్లు వాటంతటవే పైకి రావు కదా,
తోడితే వస్తాయి" అన్నాను.

నమ్మలేదు.
కోత మిల్లులో నలభై ఏళ్లు దుంగలు లెక్కపెట్టిన మనిషి.
ఒకటి తీసుకుని మూడు ఇస్తానన్నవాడు
ఆమె లెక్కలో దొంగ.

నిజానికి మూడు ఎప్పుడూ రావు.
ఆకు రాలే కాలంలో నాలుగొస్తాయి,
ఇవాళలాంటి పూట రెండు కూడా కష్టం.
ఆ మాటా చెప్పేశాను.
అప్పుడు పోసింది, మొదటి కప్పు కాఫీ.

రాగి గొట్టాల్లో ఒక ద్రవం తిరుగుతుంది.
మన చలి దానికి చలి కాదు,
ఈ గాలే దానికి పొయ్యి.
ఇంత గడ్డకట్టే పూట కూడా తెర్లుతుంది,
ఆవిరై, గాలి దాచుకున్న కాస్త వేడిని
జేబుకొట్టి, గోడ కన్నంలోంచి
ఇంట్లోకి జారుకుంటుంది.
గట్టిగా అదిమిపెడితే
పిండిన తడిబట్టలా దొంగసొత్తంతా కార్చేసి
వట్టి చేతులతో మళ్లీ బయటికి.

నేలమాళిగలో ఆయిల్ బాయిలర్ ఆపేసినప్పుడు
ఇల్లంతా మూగబోయింది.
ఎవరి గురకో గుర్తొచ్చినట్టు
ఆమె మెట్ల మీద కాసేపు నిలబడిపోయింది.
నేను పానాలు సర్దుకుంటూ
తల ఎత్తలేదు.

డిసెంబరులో, తడిమంచు కురిసిన రాత్రి, ఫోను.
"నీ డబ్బా తగలబడుతోంది! పొగలు!"
పొగ కాదు తెల్లెర్వో,
ఒంటిమీద పేరుకున్న మంచుని
తనే కరిగించుకుంటోంది, ఆవిరి అది.
చాలాసేపు మాట లేదు.
"చెప్పి ఏడవచ్చుగా" అని పెట్టేసింది.
నన్నో, డబ్బానో.

జనవరిలో మైనస్ ముప్పై నాలుగుకి పడిపోయిన రెండు రాత్రులు
డబ్బా ఇంచుమించు చేతులెత్తేసింది.
ఆమె నాకు ఫోను చేయలేదు.
బర్చ్ కట్టెలు తెచ్చి పాత పొయ్యి రాజేసుకుంది,
లెక్కల పుస్తకంలో మాత్రం
తేదీలతో సహా రాసిపెట్టింది.

పక్కింటి వెయ్యో కంచె మీదుగా నవ్వేవాడు:
"కాకులకి విసనకర్ర పెట్టించావా?"

జూలైలో సర్వీసుకి వెళ్లాను.
రెండు వారాలుగా ముప్పై ఒకటి,
దోమలు కూడా ఎగరడానికి బద్ధకిస్తున్నాయి.
ఇంట్లో మాత్రం చల్లగా ఉంది.
అదే ద్రవం, అవే గొట్టాలు,
ఇప్పుడు వెనక్కి నడుస్తోంది,
గదిలోని వేడిని ఎత్తుకెళ్లి సరస్సు గాలికి పోస్తోంది.
కిటికీ పక్క కుర్చీలో వెయ్యో,
గుండె బిళ్లల డబ్బా ఒళ్లో పెట్టుకుని నిద్ర.
అతని కుక్క గచ్చు మీద
నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి.

ఫిల్టరు కడుగుతుంటే
లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పరిచింది.
ఎడమవైపు నిరుటి ఆయిల్, కుడివైపు ఏటి కరెంటు.
కింద గీత గీసింది గానీ
తేడా వేయలేదు.

గూట్లోంచి వీలీ గిన్నెలు మూడు దించింది,
నిన్న పాలలో తోడువేసిన పెరుగు,
చెంచా నిలబడేంత గట్టిగా.
"మా అమ్మ ఇచ్చిన తోడే ఇది.
చెంచాడు వేస్తే గిన్నెడవుతుంది.
అది దొంగతనమని
నేనెప్పుడూ అనుకోలేదు చూశావూ."

అంతకుమించి యంత్రం ఊసు ఎత్తలేదు.

వెయ్యో కళ్లు తెరిచి
చలేస్తోందన్నాడు.
రిమోటు ఆమె చేతికందేంత దూరంలోనే ఉంది.
ముట్టుకోలేదు.
దుప్పటి తెచ్చి మెడదాకా కప్పుతూ
"కాకులు మాత్రం ఏమీ అనవు" అంది.