సీలు

రైల్వే గేటు పడిన వేళ వచ్చినాడు పిల్లోడు,
చేతిలో బడి కాగితం, మడత నలక్కుండా.
పదకొండో తరగతి, చేతిపని గ్రూపు.
పది రోజులు నా షాపులో పని నేర్చుకోవాలంట.
పేరు లోకనాథం.
వెనకాలే వాళ్ళమ్మ, గడప దాటకుండా నిలబడి
"పది రోజులే కదా అన్నా?" అని రెండుసార్లు అడిగింది.
రెండోసారి అడిగింది రోజుల గురించి కాదని
నాకు తెలుసు. ఈ కొరుక్కుపేటలో నలభై ఏళ్ళుగా
జనం అడగని ప్రశ్నకే బదులు చెప్తా ఉన్నాను.
"పదే తల్లీ" అన్నాను.

మూడు రోజులు చీపురు ఇచ్చినాను.
వెంట్రుకలు ఊడ్చడం సులువనుకుంటారు,
ఫ్యాను తిరిగేటప్పుడు ఊడ్చి చూడండి.
నాలుగో రోజు బెలూన్ల ప్యాకెట్టు.
ఊది, నురగ పూసి, పగలకుండా గీకు అన్నాను.
మా నాయన నాకు కుండ అడుగు ఇచ్చినాడు,
బెలూన్లు కొనే కాలం కాదది.
ఠప్‌మని మొదటిది.
కుర్చీలో కునుకు తీస్తున్న గూడ్సు షెడ్డు మేస్త్రీ
అదిరిపడి లేచి, వాణ్ణి వదిలేసి నన్ను తిట్టినాడు.
ఠప్. ఠప్.
సాయంత్రానికి పదకొండు.
షాపంతా ఎవరో పుట్టినరోజు చేసుకుని
ఊడ్చకుండా వెళ్ళిపోయినట్టుంది.
పన్నెండోది పగల్లేదు.
నురగ తుడిచి, చొక్కా లోపల దాచుకుని
గేటు దాటి ఇంటికి తీసుకుపోయినాడు దాన్ని.

ఎనిమిదో రోజు నా గడ్డమే ఇచ్చినాను.
నా కుర్చీలో నేను తల వాల్చింది అదే మొదలు.
పైకప్పు ఇంతగా పెచ్చులూడిందని అప్పుడే చూసినాను.
గొంతు దగ్గరకొచ్చి వాడి చెయ్యి ఆగింది.
"ఊపిరి వదలరా. బిగబట్టాల్సింది నేను, నువ్వు కాదు."
చెవి కింద ఒక్క చుక్క రక్తం.
అడక్కుండానే పటిక రాసినాడు.

పదో రోజు సంచిలోంచి నాలుగు పేజీలు తీసినాడు.
నేను మార్కులు వెయ్యాలంట. నేను!
"అయ్యవారి గడ్డం పెరిగింది, మీ నాయన్ని పిలుచుకురా" అంటే
నాలుగో తరగతిలోంచి లేచి పోయినవాణ్ణి,
మళ్ళీ బడికి పోనివాణ్ణి.
అంతా ఇంగ్లీషు. తన మార్కుల కాగితం తనే చదివినాడు.
"టైముకి వచ్చినాడా?"
"గేటు పడితే ఎవడొస్తాడు టైముకి? తొమ్మిది వెయ్యి."
"శుభ్రత?"
"పది."
"కస్టమర్లతో మాట?"
"మాట్లాడవు. మా పనిలో అది గుణమో లోపమో
నాకే తెలీదు. ఆరు."
ఎనిమిది వేసుకున్నా చదివేవాణ్ణా నేను?
ఆరే వేసినాడు, అంకె పక్కన వేలు పెట్టి చూపించి మరీ.
"నేర్పినవారి చదువు" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
నేను అద్దం తుడవడం మొదలుపెట్టినాను.
ఏం రాసినాడో అడగలేదు.
అడుగున తెలుగులో సంతకం చేసినాను:
మునిరత్నం, చివరి సున్నాతో సహా.

సోమవారం మళ్ళీ వచ్చినాడు.
"సీలు కావాలంట సార్."
పది రోజులూ అన్నా అన్నవాడు.
బోర్డు మీది అక్షరాలే సగం రాలిపోయిన షాపు,
దీనికి సీలెక్కడిది?
మధ్యాహ్నం తాళం వేసి ప్యారీస్ పోయినాను.
నూటఎనభై రూపాయలు. మూడు గడ్డాలు.
"ఏ భాషలో?" అన్నాడు సీళ్ళవాడు.
"పైన తెలుగు. కింద బడికి ఏది కావాలో అది."

కాగితం మీద గుద్ది పంపేసినాను.
మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మకి చెప్పిన లెక్కే కదా.

రాత్రి షట్టరు సగం దించి
సీలు తిప్పి చూసినాను.
రబ్బరు మీద అక్షరాలన్నీ అటు మొహం పెట్టి ఉన్నాయి,
వేరే ఎవరిదో పేరులాగా.
డబ్బులు పోయినాయనుకున్నాను.
ఊరికే అద్దానికి ఎదురుగా పట్టినాను.

మునిరత్నం.
చివరి సున్నాతో సహా.